కవలల గిన్నె

ఎడుమానో,
12 జూన్ 1997

డాక్టర్ బెంచివాకు,

పేరు ముందు డాక్టర్ అని రాశానని మురిసిపోకు. కోపం వచ్చినప్పుడు నేను అందరికీ బిరుదులు తగిలిస్తాను. ముప్ఫై నాలుగేళ్లు బడి నడిపాను కదా, నా నోట "కుమారిగారూ" అన్న పిలుపు వినగానే ఆడపిల్లలు బల్ల కింద దూరేవాళ్లు.

నిన్నటితో నెల మాత్రలు అయిపోయాయి. నేనూ మీ చిన్నమ్మమ్మ కాక్రా కలిసి మీ పరీక్షా కేంద్రానికి వెళ్లాం. నర్సు మాన్సా సీసాలు బోర్లించి, మిగిలిన మాత్రలు లెక్కపెట్టి, ఇద్దరివీ సరిపోయాయని మెచ్చుకుంది. తర్వాత చేతికి పట్టీ చుట్టింది. నా రక్తపోటు నూట తొంభై రెండు నుంచి నూట యాభైకి దిగింది. కాక్రాది నూట తొంభై ఎనిమిది దగ్గర, చర్చిలో ముందు బల్ల మీది పాస్టరు భార్యలాగా, కదలకుండా కూర్చుంది.

నా చీలమండలు రెండూ పెండలం దుంపల్లా వాచాయి. పోయిన శనివారం అంత్యక్రియలకి నల్ల చెప్పులు పట్టక, స్నానాల గదిలో వేసుకునే రబ్బరు చెప్పులతో వెళ్లాను. పోయినామె చూడలేదు గాని ఉన్నవాళ్లంతా చూశారు. మాన్సా నా కాళ్లు చూసి నవ్వింది. "పెద్దమ్మా, మీకు కొత్త మందు పడ్డట్టుంది. దానికి కాళ్లు వాస్తాయి. కాళ్లే చెప్తున్నాయి. పాపం చిన్నమ్మకి పాతదే పడింది కాబోలు" అంది. కాక్రా పక్కనే ఉంది. "పడుంటుందిలే" అని చేపల గంప నెత్తికెత్తుకుని బయటికి నడిచింది.

మే నెలలో నువ్వు అక్రా నుంచి వచ్చి మా ఇద్దరి ముందు కూర్చుని ఏం చెప్పావు? "రక్తపోటుకి రెండు మందులు. పాతది ఒంట్లో నీరు లాగేస్తుంది. కొత్తది రక్తనాళాల గోడల్లోకి కాల్షియం దూరే దారులు మూసి, నాళాలు బిగుసుకోకుండా చూస్తుంది. మనవాళ్ల ఒంటికి ఏది మేలో తేల్చాలి" అన్నావు. తేల్చవే అన్నాను. నేను సంతకం పెట్టాను. కాక్రా వేలిముద్ర వేసింది. నా సీసా మీద 41, దాని సీసా మీద 42. కవలలకి రెండు అంకెలు వేసినప్పుడే నేను లేచి రావాల్సింది.

ఒక కవలకి ఇచ్చింది రెండోదానికి ఇవ్వకపోతే కీడు జరుగుతుందని తెలియనట్టు నటించకు. నువ్వు చదివింది వైద్యమే అయినా పుట్టింది ఈ ఇంట్లో. మా ఇద్దరికీ ఒకే తానులో బట్ట, ఒకే గిన్నెలో ముద్ద. ఒక్కసారే తేడా జరిగింది. మా ఏడో ఏట మిషన్ బడిలో ఆడపిల్లకి ఒక్క చోటు దొరికింది. మా నాన్న గుప్పెట్లో గవ్వ దాచి రెండు చేతులూ చాచాడు. "దేవుడి నిర్ణయం. ఇద్దరికీ సమానమే" అన్నాడు. అరగంట ముందు పుట్టాను కాబట్టి నన్ను ముందు కోరుకోమన్నారు. గవ్వ నాకు వచ్చింది. నాకు పలక, కాక్రాకి చేపలు పొగబెట్టే పొయ్యి. అరవై నాలుగేళ్లుగా నేను పుస్తకం తెరిచినప్పుడల్లా నాకు పొగ వాసన వస్తుంది.

ఇప్పుడు మళ్లీ గుప్పిళ్లు చాచింది నువ్వు. కాక్రా సీసా మార్చు. వచ్చే నెల కాదు, ఈ వారమే.

కాళ్లు వాచినా తల వాయని మీ అమ్మమ్మ,
అరబా పాన్యిన్


అక్రా,
19 జూన్ 1997

అమ్మమ్మా,

నీ ఉత్తరం బస్సు డ్రైవర్ ఎబో మా ఆఫీసు గేటు దగ్గర నా చేతిలో పెట్టి, "పెద్దమ్మ ముఖం చూసి నాకే రక్తపోటు వచ్చింది డాక్టరమ్మా" అని పరుగెత్తాడు. చదివాక అతన్ని తప్పు పట్టలేకపోయాను.

కోపం పక్కనపెట్టి విను. గుప్పిళ్లు చాచింది నేను కాదు. ఏ అంకెకి ఏ మందో కంప్యూటర్ చీటీలు తీసి నిర్ణయించింది. ఆ చీటీలు సీలు వేసిన కవర్లలో, ఈ పరీక్ష నడిపే ప్రొఫెసర్ అంక్రా బీరువాలో ఉన్నాయి. నాకూ తెలియదు, మాన్సాకీ తెలియదు. తెలియకూడదనే ఈ పద్ధతి. తెలిస్తే కొత్త మందు వేసుకున్నవాళ్లని చూసి నర్సు చెయ్యి రెండు అంకెలు తగ్గించి రాస్తుంది. మనుషులం కదా. మాన్సా నీ కాళ్లు చూసి జోస్యం చెప్పడం తప్పు. ఆమెని మందలించాను.

సీసా మార్చడం కుదరదు. ఈ పరీక్షలో మూడు వందల మంది ఉన్నారు. ఒక్కరి సీసా మారిస్తే మిగతా అందరి ఓపికా వృథా. చిన్నమ్మమ్మ రక్తపోటు రెండు వందలు దాటితే ఆమెని పరీక్ష నుంచి తప్పించి వేరే వైద్యం చేస్తారు. అలా రాసే ఉంది. ఈలోగా ఆమె పొద్దున్నే మొక్కజొన్న కెంకే ముద్దలోకి నంజుకునే ఉప్పుచేపని ఆపు. ఉప్పులో ఊరిన మనిషికి ఏ మందూ పనిచేయదు.

నీ గవ్వ కథ నేను చిన్నప్పటినుంచి వింటున్నాను. దానికి నన్ను బాధ్యురాలిని చేయకు. అప్పటికి అమ్మ కూడా పుట్టలేదు.

అలసిపోయిన నీ మనవరాలు,
బెంచివా


అక్రా,
8 ఆగస్టు 1997

అమ్మమ్మా,

నువ్వు ఏడు వారాలుగా ఉత్తరం రాయలేదు. అలిగావని అర్థమైంది. అయినా మంచి కబురు నేనే చెప్పాలి.

మాన్సా ఈ నెల కాగితాలు పంపింది. నీకు నూట యాభై రెండు. చిన్నమ్మమ్మకి నూట యాభై నాలుగు! పెద్దమ్మలిద్దరూ ఒక్క మాత్ర అటూ ఇటూ కాకుండా వాడుతున్నారని ఆమె కింద ఎర్ర సిరాతో రాసింది. సోమవారం సమావేశంలో ప్రొఫెసర్ ఎడుమానో కాగితాలు చూపించి, "ఇదీ క్రమశిక్షణ" అన్నారు. నేను మీ మనవరాలినని చెప్పలేదు గాని, చెప్పాలని నోరు దురద పెట్టింది.

ఉప్పుచేప మానిపించావా? ఎలా మానిపించావు? ఆమెకి ఇప్పుడు కాళ్లు కొంచెం వాచాయట. అది కూడా రాయి.

ప్రేమతో,
బెంచివా


ఎడుమానో,
15 ఆగస్టు 1997

బెంచివా,

ఉప్పుచేప ఎవరూ మానలేదు. దాన్ని మాన్పించడానికి మీ ప్రొఫెసర్ స్వయంగా వచ్చి కాక్రా పొయ్యి పక్కన కూర్చోవాలి. ఆయనకి ఆ పొగ పడదు.

ఏం జరిగిందో చెప్తాను. నీ జూన్ ఉత్తరం చదివి రెండు రోజులు నోరు మూసుకుని కూర్చున్నాను. మూడో రోజు మా అమ్మ నాటి మట్టిగిన్నె దించాను. నీకు గుర్తుండే ఉంటుంది. మా పుట్టినరోజుకి పెండలం మెదిపి, పామాయిలు కలిపి, పైన గుడ్లు పెట్టి, ఒక ముద్ద నాకు, ఒక ముద్ద కాక్రాకి పెట్టే గిన్నె. దాన్ని కడిగి తుడిచి, నా సీసా, దాని సీసా రెండూ అందులోకి వంపాను. కలిపాను. మాత్రలు రెండూ ఒకే రంగు, ఒకే సైజు. మీవాళ్లు తెలివిగా చేశారు, నాకు పని తేలికైంది.

రోజూ పొద్దున ఆ గిన్నె మధ్యలో పెట్టుకుని కూర్చుంటాం. చూడకుండా నేనొకటి తీస్తాను, కాక్రా ఒకటి తీస్తుంది. ఒకరి ముఖం ఒకరు చూసుకుంటూ మింగుతాం. కేంద్రానికి వెళ్లే ముందు రోజు మిగిలినవి సగం సగం చేసి సీసాల్లో పోస్తాను. లెక్క ఎందుకు తప్పుతుంది? లెక్కలు చెప్పినదాన్ని.

ఫలితం నువ్వే రాశావు. ఇప్పుడు ఇద్దరికీ ఒకే రక్తపోటు, ఒకే వాపు. మొన్న ఇద్దరం రబ్బరు చెప్పులతో చర్చికి వెళ్లాం. పాటల బృందంలో ఎవరో నవ్వారు. కాక్రా తిరిగి చూసింది. నవ్వు ఆగిపోయింది.

మీ మూడు వందల మందిలో న్యాయం జరిగింది మా ఇద్దరికే. ప్రొఫెసర్‌కి చెప్పు.

తృప్తిగా,
మీ అమ్మమ్మ


అక్రా,
20 ఆగస్టు 1997

అమ్మమ్మా,

నువ్వు చేసిన పని ఏమిటో నీకు అర్థమైందా? నీ ఉత్తరం నిలబడి చదవడం మొదలుపెట్టాను, చివరికి వచ్చేసరికి మెట్ల మీద కూర్చున్నాను.

మూడు వందల మంది రోజూ ఒక మాత్ర మింగి, నెలనెలా ఎండలో నడిచి వచ్చి చెయ్యి చాచేది ఎందుకు? ఈ దేశంలో ఈ జబ్బుతో మూతులు వంకరపోయి, కాళ్లూ చేతులూ పడిపోయి మంచాన పడే వేలమందికి ఏ మందు ఇవ్వాలో తెలియడానికి. ఇప్పుడు నువ్వు ఏ రోజు ఏది మింగావో, ఆమె ఏ రోజు ఏది మింగిందో దేవుడికి కూడా తెలియదు. చిన్నమ్మమ్మ రక్తపోటు దిగింది. దేనివల్ల దిగింది? చెప్పు, లెక్కల టీచరువి కదా! మీ ఇద్దరి అంకెలూ చెత్త. ఎర్ర సిరా చెత్త.

బళ్లో ఒక పిల్ల ఇలా జవాబులు కలిపేస్తే నువ్వేం చేసేదానివి? అది కవల పిల్ల అని వదిలేసేదానివా?

ఇకనుంచి ఎవరి సీసా వాళ్లది. మిగిలినవి వేరు చేయడం ఎలాగూ కుదరదు. కాబట్టి ఈ విషయం ఎవరికీ చెప్పకు. మాన్సాకి అసలే చెప్పకు. నేను చూసుకుంటాను. అప్పటిదాకా దయచేసి నోరు మూసుకో.

బెంచివా


అక్రా,
22 ఆగస్టు 1997

అమ్మమ్మా,

మొన్న కోపంలో పెద్దదానివని చూడకుండా రాశాను. ఇప్పుడు చల్లబడి రాస్తున్నాను.

విషయం దాచను. కానీ ముందు ఒక పని కావాలి. మీరిద్దరూ పరీక్ష నుంచి బయటికి వెళ్తే మాత్రలు ఆగిపోతాయి. ఎడుమానో మామూలు ఆసుపత్రిలో కొత్త మందు దొరకదు, పాతది కూడా ఎప్పుడో గాని రాదు. మాత్ర ఒక్కసారిగా ఆగితే చిన్నమ్మమ్మ రక్తపోటు మళ్లీ పైకి పోతుంది. అందుకని పరీక్షతో సంబంధం లేకుండా ఆమెకి మందు ఇప్పించమని అర్జీ పెట్టాను. పది రోజుల్లో వస్తుంది. అది రాగానే నేనే ప్రొఫెసర్ ముందు నిలబడి అంతా చెప్తాను, నా తప్పుతో సహా.

ఈ పది రోజులూ గిన్నెలోవే మింగండి. ఎవరికీ ఏమీ రాయకు. ఉత్తరం ఎబోకి ఇస్తున్నాను. పోస్టు కంటే అతనే నయం.

బెంచివా


ఎడుమానో,
27 ఆగస్టు 1997

డాక్టర్ బెంచివాకు,

నీ ఇరవయ్యో తేదీ ఉత్తరం తర్వాత ఇంకేమైనా వస్తుందేమోనని వారం చూశాను. రాలేదు. నోరు మూసుకోమని చెప్పి నువ్వు కూడా మూసుకున్నట్టున్నావు.

నీ తిట్లన్నీ చదివాను. వాటిలో సగం నిజం. కవలల న్యాయం నాకు కనబడింది, మూడు వందల మంది కనబడలేదు. అది నా తప్పే, ఒప్పుకుంటాను. డెబ్భై ఒక్కేళ్ల వయసులో తప్పు ఒప్పుకోవడం కాళ్లు వాయడం కంటే నొప్పి. కానీ చివర్లో ఏం రాశావు? "ఎవరికీ చెప్పకు, నేను చూసుకుంటాను." చూసుకోవడం అంటే? చెత్త అని నువ్వే పేరుపెట్టిన అంకెల్ని మంచి అంకెల్లో కలిపి ప్రొఫెసర్ బీరువాలో పెట్టడమా? నేను గిన్నెలో కలిపింది రెండు సీసాలే. నువ్వు కలపబోయేది?

నిన్న మాన్సా దగ్గర నియమాల కాగితం తీసుకుని మొదటినుంచి చదివాను. "ఒక ఇంటి నుంచి ఒకరినే తీసుకోవాలి" అని ఉంది. మందులు పంచుకుంటారనే కదా ఆ నియమం? కాక్రా చిరునామా చూశాను. "పొయ్యిల సందు" అని నీ చేతిరాత. మన ఇంటికి సముద్రం వైపు ఒక తలుపు, పొయ్యిల వైపు ఒక తలుపు. రెండు తలుపులు చూసి రెండు ఇళ్లని రాశావు! ఎడుమానోలో మనుషులు తక్కువైతే ఒకే ముద్ద తినే ఇద్దరు ముసలివాళ్లని రెండు లెక్కలుగా వేశావు. నేను మాత్రలు కలపకముందే నువ్వు అబద్ధం కలిపావు. ఇదంతా అక్కడ మొదలైంది.

మీ అమ్మ పదిహేనో ఏట లెక్కల పరీక్షలో పక్కపిల్ల కాగితంలోకి చూసింది. ఆ గదిలో ఉన్నది నేనే. కన్నకూతురని చూడలేదు. కాగితం చించాను, ఏడాది మళ్లీ చదివించాను. ఆమె నాతో ఆరు నెలలు మాట్లాడలేదు. నువ్వు ఎన్ని నెలలు మాట్లాడవో చూస్తాను.

ఎందుకంటే ఈ రోజే ప్రొఫెసర్ అంక్రాకి రాశాను. గిన్నె సంగతి, తలుపుల సంగతి రెండూ రాశాను. నకలు ఇందులో పెట్టాను. అక్షరదోషాలు ఉంటే చెప్పు.

అరబా పాన్యిన్ అబాకా,
విశ్రాంత ప్రధానోపాధ్యాయిని


ఎడుమానో,
13 సెప్టెంబరు 1997

బెంచివా,

ముందు ఇది చదువు. మీ చిన్నమ్మమ్మ బతికే ఉంది.

మూడో తేదీన మాన్సా వచ్చింది. తల ఎత్తకుండా రెండు సీసాలూ, గిన్నెలో మిగిలినవీ పట్టుకెళ్లింది. "పైనుంచి ఉత్తర్వు పెద్దమ్మా. ఇక మీరు మామూలు ఆసుపత్రికి వెళ్లాలి" అంది. వెళ్లాం. అక్కడి కుర్రాడు ఖాళీ అర చూపించి, "వచ్చే నెల అడగండి" అన్నాడు. వచ్చే నెల! రక్తపోటుకి క్యాలెండర్ ఉంటుందని నాకు తెలియదు.

పదో తేదీ పొద్దున కాక్రా పొయ్యి దగ్గర పడిపోయింది. నోరు ఎడమవైపు లాగేసింది. కుడిచెయ్యి ఎత్తలేదు. నేను పిలుస్తున్నాను, అది చూస్తోంది, మాట రావడం లేదు. సాయంత్రానికి మూతి చాలావరకు సర్దుకుంది, మాట వచ్చింది. మొదటి మాట ఏమిటో తెలుసా? "చేపలు మాడాయా?" డాక్టరు ఇది హెచ్చరిక అన్నాడు. మళ్లీ వస్తే ఇంత మర్యాదగా రాదన్నాడు.

నిన్న ఎబో వచ్చాడు. నీ ఇరవై రెండో తేదీ ఉత్తరం తెచ్చాడు! వాళ్ల మేనమామ పోతే బస్సు వదిలేసి ఊరెళ్లాడట. ఉత్తరం అంత్యక్రియల నల్లచొక్కా జేబులో మూడు వారాలు దుఃఖంలో ఉందట. "క్షమించు పెద్దమ్మా, మామయ్య మంచోడు" అన్నాడు. "మీ మామయ్య మంచితనం మా చెల్లెలి నోరు పీకింది" అన్నాను. ఏడ్చాడు. తర్వాత కెంకే పెట్టి పంపాను.

ఆ ఉత్తరం సమయానికి అంది ఉంటే నేను ప్రొఫెసర్‌కి రాసేదాన్ని కాదు. అబద్ధం. రాసేదాన్నే. కానీ పది రోజులు ఆగి రాసేదాన్ని. నువ్వు దాస్తున్నావనుకున్నాను. దాచడం లేదని నాకు చెప్పాల్సిన కాగితం ఒక జేబులో ఉంది. నా కోపం మాత్రం ఏ జేబులోనూ ఆగలేదు, నేరుగా వెళ్లింది.

అయినా అడుగుతున్నాను. ఇదేం పద్ధతి? నిజం చెప్పినందుకు నన్ను శిక్షించండి. వేలిముద్ర వేసిన మనిషి నోటి ముందు మాత్ర లాక్కోవడం ఏ నియమంలో రాశారు? చెరుకు పిండుకున్నాక పిప్పి పారేసినట్టు పారేశారే! ఎవరైనా ఒక్కరు కాక్రాని చూసి ఆలోచించారా?

మందు పంపు. తప్పులు తర్వాత పంచుకుందాం.

అమ్మమ్మ


అక్రా,
20 సెప్టెంబరు 1997

అమ్మమ్మా,

ఎబో చేత రెండు సీసాలు పంపుతున్నాను. అర్జీ మంజూరైంది. ఇవి పరీక్షవి కావు, మీ సొంతం, నెలనెలా వస్తాయి. ఎబోతో బైబిల్ మీద ప్రమాణం చేయించాను. దారిలో ఎవరు చచ్చినా బస్సు ఆపడు.

ఇక నా వంతు. నీకు అమ్మ కాగితం చించడం తెలుసు. ఇప్పుడు నాది చించావు. నన్ను పరీక్ష నుంచి తప్పించారు. రెండు తలుపులకి రెండు ఇళ్లు రాసినందుకు సంజాయిషీ ఇచ్చాను. ప్రొఫెసర్ అరవలేదు. నీ ఉత్తరం నా ముందు పెట్టి, "ఇంత శుభ్రమైన ఫిర్యాదు నా ఉద్యోగంలో చదవలేదు" అన్నారు. అరిస్తే బాగుండేది. నాకు కోపం తగ్గలేదు. నువ్వు చేసింది సరైనదే. సరైన పని చేసినవాళ్ల మీద వచ్చే కోపం అన్నిటికంటే ఎక్కువసేపు ఉంటుందని అమ్మ ఎప్పుడూ అనేది. ఆ మాటకి అర్థం ఇప్పుడు తెలిసింది.

మాత్రలు లాక్కున్న పద్ధతి గురించి నేనూ అరిచాను. సంజాయిషీ గదిలోనే అరిచాను. ఇకమీదట పరీక్ష నుంచి తప్పించినవాళ్లకి వేరే మందు చేతికి అందేదాకా మాత్ర ఆపకూడదని రాశారు. మీ చెల్లెలు పడిపోతే వచ్చిన నియమం అది.

ఇంకొకటి. చిన్నమ్మమ్మకి ఏ మందు ఇవ్వాలో తెలియాలి కాబట్టి ప్రొఫెసర్ బీరువా తీసి మీ ఇద్దరి కవర్లూ నా ముందు విప్పారు.

41: కొత్త మందు.
42: కొత్త మందు.

మళ్లీ చదువు. నేను మూడుసార్లు చదివాను. చీటీల్లో ఇద్దరికీ ఒకటే పడింది. నువ్వు గిన్నెలో కలిపింది ఒకే మాత్ర. మే నెల నుంచి మీ ఇద్దరికీ సమానంగానే ఇచ్చాం.

కానీ ఒకటి అర్థం కావడం లేదు. అదే మందు మొదటి నెల ఆమె మీద ఎందుకు పనిచేయలేదు? కాళ్లు కూడా వాయలేదు. లెక్క సరిపోయింది కదా! ఆమెని అడుగు. డాక్టరుగా అడగడం లేదు, ఇక ఆ హక్కు నాకు లేదు. ఊరికే అడుగుతున్నాను.

బెంచివా


ఎడుమానో,
2 అక్టోబరు 1997

నా బెంచివాకు,

బిరుదు లేకుండా రాస్తున్నాను. గమనించు.

నీ ఉత్తరం కాక్రాకి చదివి వినిపించాను. రెండు కవర్ల దగ్గరికి వచ్చేసరికి అది చేపలు తిప్పడం ఆపింది. "ఒకటేనా?" అంది. ఒకటే అన్నాను. "నాకు కూడా కొత్తదేనా?" అంది. అవునే, మొదటినుంచీ అన్నాను. అప్పుడు నవ్వడం మొదలుపెట్టింది. మూతి ఇంకా కొంచెం ఎడమకే పోతోంది, ఆ మూతితోనే నవ్వింది. నవ్వి నవ్వి పొయ్యి గట్టు మీద కూర్చుండిపోయింది.

"అక్కా, మొదటి నెల నేను ఒక్క మాత్ర కూడా మింగలేదు" అంది.

రోజూ పొద్దున సీసాలోంచి ఒకటి తీసి పొయ్యిలో వేసేదట. రోజుకొకటి, ఒక్కరోజు తప్పకుండా. అందుకే లెక్క సరిపోయింది. ఆ నెల మీ పరీక్షలో నియమంగా మందు వాడింది కాక్రా పొయ్యి. దాని రక్తపోటు ఎవరూ చూడలేదు.

నేను అరిచాను. ఎంత అరిచానంటే పక్కసందులో వాళ్లు చేపల గంపలు దించి వచ్చారు. "ఎందుకే? చావాలనా?" అన్నాను.

"నీ సీసా మీద గీతలు వేరు, నా సీసా మీద గీతలు వేరు. చదవడం రాకపోయినా కళ్లున్నాయి కదా" అంది. "ఇద్దరికీ సమానమే అని చెప్పారు. నాన్న కూడా అదే మాట అన్నాడు. నాకు తెలుసులే, మంచిది నీ చేతిలో పడుంటుంది, నాది ఉత్త సుద్దముక్క. సుద్దముక్క మింగితే ఎంత, పొయ్యిలో వేస్తే ఎంత?"

"నాతో చెప్పొచ్చు కదే!"

"చెప్తే నువ్వేం చేసేదానివి? నీది నా నోట్లో పెట్టి, నాది నువ్వు మింగేదానివి. అప్పుడు నువ్వు పోయేదానివి. నువ్వు పోయాక ఈ ఉత్తరాలు నాకు ఎవరు చదువుతారు?"

బెంచివా, నేను జూన్ నుంచి అందరి మీదా కోప్పడ్డాను. నీ మీద, చీటీల మీద, ప్రొఫెసర్ మీద, ఎబో మీద, పోయిన వాళ్ల మేనమామ మీద. మీ చీటీలు ఈ ఒక్కసారి న్యాయంగానే పడ్డాయి. అది నమ్మని మనుషులు ఇద్దరున్నారు, ఇద్దరూ ఈ ఇంట్లోనే ఉన్నారు. నేను నమ్మక గిన్నె దించాను. అది నమ్మక పొయ్యిలో వేసింది. నా గిన్నె లేకపోతే అది ఈపాటికి నూట తొంభై ఎనిమిదితో మట్టిలో ఉండేది. గిన్నెలోంచి తీసి నా ముఖం చూస్తూ మింగాల్సి వచ్చింది కాబట్టి మింగింది. నేను పాడుచేసిన మీ పరీక్షే దాన్ని కాపాడింది. ఇది సమర్థన కాదు. మూడు వందల మందికి నేను బాకీనే. నా కోపం ఇప్పుడు ఎటు తిప్పాలో తెలియక మా నాన్న ఫోటో వైపు తిప్పాను. ఆయన ఎప్పటిలాగే దర్జాగా కూర్చున్నాడు.

ఈ ఉదయం కాక్రా నన్ను ఒకటి అడిగింది. ఇన్నేళ్లలో నన్ను అడిగిన మొదటి చదువు సంగతి. "అక్కా, నలభై ఒకటి ఎట్లా ఉంటుంది, నలభై రెండు ఎట్లా ఉంటుంది?" బూడిదలో వేలితో గీసి చూపించాను. చాలాసేపు చూసింది. "ఈ చివరి గీతేనా తేడా? ఈ కాస్త గీత కోసమా నేను నెలంతా పొయ్యికి మందేశాను?" అని చెరిపేసింది.

నువ్వు పంపిన సీసాలు అందాయి. ఎబో నిలబడే ఇచ్చి వెళ్లాడు, కూర్చుంటే ఎవరైనా పోతారని భయమట. మందు మంచిదే, నువ్వూ మంచిదానివే. నీ మీద కోపం ఇంకా కొంచెం ఉంది, దాన్ని నువ్వు వచ్చినప్పుడు తీర్చుకుంటాను. కానీ సీసాల మీద చూడు: ఒకదాని మీద 7, ఇంకొకదాని మీద 8. కాక్రా రెండూ పక్కపక్కన పెట్టి నా వైపు చూసింది. నేను లేచి గిన్నె దించాను.

వచ్చే నెల రెండింటి మీదా ఒకే అంకె వేసి పంపు.

అమ్మమ్మలు,
పాన్యిన్, కాక్రా